స్వతంత్ర వృత్తికి మూడు లెక్కలు
(న్యాయవాద వృత్తి నారంభింపనున్న యువజనులకును, వారి పెద్దలకును ఒక పాఠము)

మన కుటుంబములలో వ్యవసాయము, వర్తకము, బడిపంతులు ఉద్యోగము తరతరములుగా వచ్చుచున్న జీవనమార్గములు. ఇప్పుడు న్యాయశాస్త్రము చదివి పట్టము పొందిన యువతీయువకులు కూడ ఊరూర కనబడుచున్నారు. పట్టము చేతికి వచ్చినదే తడవుగా ఇంట నొక చర్చ పుట్టును. ఉద్యోగము వెదకుకొనుటయా, సొంతముగా ప్రాక్టీసు పెట్టుటయా? సొంత ప్రాక్టీసు అనగానే పెద్దలు గది అద్దె, బల్ల, కుర్చీలు, బీరువా, నామఫలకము మొదలగువానికి ఎంత సొమ్ము కావలయునో లెక్క వేయుదురు. అవి కావలసినవే. అయినను వృత్తికి అవి ఆరంభము కావు.

స్వతంత్రుడనగా నెవడు? ఎవరికిని జవాబు చెప్ప నక్కరలేనివాడని కొందరు తలంతురు. నిజమునకు ఉద్యోగి తన పై యధికారి యొక్కనికి జవాబు చెప్పిన చాలును. స్వతంత్ర వృత్తి చేయువాడు తన గడప తొక్కిన ప్రతి మనిషికిని జవాబు చెప్పవలసినవాడు. న్యాయవాది చేతికి పరుల సొత్తు మూడు రూపములలో వచ్చును. అవి ధనము, పత్రము, కాలము. ఈ మూడింటికిని ఎప్పుడడిగినను లెక్క చూపగలవాడే నామఫలకము కట్టుకొనదగినవాడు. బసవేశ్వరుడు బోధించిన కాయకమునకును, పొట్టకూటి పనికిని గల భేదము కూడ ఇచ్చటనే యున్నది. పని ఫలము తనకు దక్కుట యొక్కటే కాయకము కాదు. ఆ పని శుచిగా నుండవలయును.

1. ప్రవేశమునకు వలయు యోగ్యత

మన దేశమున న్యాయవాద వృత్తికి ఆధారము 1961 నాటి న్యాయవాదుల చట్టము. ఇరువదియొక్క సంవత్సరములు నిండి, గుర్తింపు పొందిన న్యాయశాస్త్ర పట్టము గలవారు రాష్ట్ర బార్ కౌన్సిల్ పట్టికలో పేరు చేర్పించుకొనవలయును. ఇంటర్మీడియట్ తరువాత అయిదేండ్ల చదువు, లేదా డిగ్రీ తరువాత మూడేండ్ల చదువు చదివి ఈ పట్టము పొందవచ్చును. పిమ్మట భారత బార్ కౌన్సిల్ నిర్వహించు అఖిల భారత పరీక్షయందు ఉత్తీర్ణులు కావలయును. ఇట్టి పరీక్ష పెట్టు నధికారము బార్ కౌన్సిలునకు కలదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2023 ఫిబ్రవరిలో నిర్ణయించినది.

పేరు చేర్చుకొనుటకు పూర్వము కొన్ని రాష్ట్రములలో వేలకొలది రూపాయలు వసూలు చేయుచుండిరి. పేదయింటి పిల్లలకు అది పెద్ద యడ్డు. చట్టములో వ్రాసిన రుసుము, అనగా సామాన్యులకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి 125 రూపాయలు, అంతకు మించి తీసికొనరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పినది. కావున రుసుమునకు జడిసి పిల్లల నాపవలసిన పని లేదు.

ఆడపిల్లల విషయమున సందేహించు పెద్దలకు ఒక్క మాట. స్త్రీలు న్యాయవాదులు కారాదను నిషేధము 1923 నాటి చట్టముతోనే తొలగిపోయినది. నూరేండ్లు గడచినవి. ఇంకను మన ఇండ్లలో ఆ నిషేధమును నిలుపుకొనుట తగదు.

2. శిష్యరికము

కొత్త వకీలునకు ఒక అనుభవజ్ఞుని చెంత కొంతకాలము పనిచేయుట శ్రేయస్కరము. చట్టము దీనిని నిర్బంధింపలేదు. అయినను వృత్తిలో ఆరితేరినవారిలో అనేకులు ఈ త్రోవనే వచ్చిరి. గురువునొద్ద నేర్చుకొనవలసినది వాగ్ధాటి మాత్రమే కాదు. దావా ఎట్లు వ్రాయవలయును, సాక్షిని ఏ ప్రశ్న యడుగవలయును, ఏ ప్రశ్న యడుగరాదు, గుమాస్తా కట్టలను ఎట్లు కట్టును, వాయిదాల పుస్తకమును ఎట్లు నింపును, కక్షిదారుని కన్నీటిని చూచి మోసపోకుండ, కసరుకొనకుండ ఎట్లు వినవలయును అను సంగతులు పుస్తకములలో దొరకవు.

జూనియర్లకు జీతభత్యముల విషయము చిరకాలముగా చిక్కుగా నున్నది. పట్టణములలో నెలకు 20,000 రూపాయలకును, గ్రామ ప్రాంతములలో 15,000 రూపాయలకును తగ్గకుండ ఇచ్చుట మంచిదని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించినది. ఇది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. పెక్కుచోట్ల ఇంతకంటె చాల తక్కువయే దొరకును. కావున తల్లిదండ్రులు మొదటి రెండు మూడేండ్లు బిడ్డకు అన్నవస్త్రముల కొరత రాకుండ చూచుకొనుటకు ముందే సిద్ధపడవలయును. ఆకలితో నున్న కొత్త వకీలు కానిపనికి లొంగుట సులభము. ఈ యొక్క మాట మరువరాదు.

శిష్యరికము ముగిసినదని దేనినిబట్టి తెలియవలయును? ఏండ్లనుబట్టి కాదు. ఇతరుల సొత్తునకు మూడు లెక్కలు తానై వ్రాయ నేర్చిన దినముననే అది ముగిసినదని భావింపవలయును.

3. ధనపు లెక్క

కక్షిదారుడిచ్చు సొమ్మంతయు వకీలు సొమ్ము కాదు. అందులో కొంత ఫీజు. కొంత కోర్టు రుసుము, నకళ్లు, నోటీసులు, ప్రయాణములు మొదలగు ఖర్చులకై ఇచ్చినది. భారత బార్ కౌన్సిల్ నియమములనుబట్టి న్యాయవాది ఈ రెండింటిని వేరువేరుగా లెక్క వ్రాయవలయును. ఖర్చులకని తీసికొన్న దానిని కక్షిదారుని వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఫీజులోనికి మార్చుకొనరాదు. కక్షిదారుడు కోరినచో లెక్క ప్రతిని ఇయ్యవలయును. అతని పక్షమున ఏదైన సొమ్ము తన చేతికి వచ్చినచో ఆలస్యము చేయక తెలుపవలయును.

ఒక ఉదాహరణము చూతము. ఒక రైతు 20,000 రూపాయలు తెచ్చి బల్లపై పెట్టెననుకొందము. అందులో ఫీజు 12,000, ఖర్చులకు 8,000 అని మాట యైనది. ఖర్చులు 5,300 అయినవి. మిగిలిన 2,700 రూపాయలు ఎవరివి? రైతువే. ఆ రైతు మరచిపోయినను రైతువే. అతడు చదువురానివాడైనను రైతువే. చిన్న మొత్తమే కదా యని యూరకుండుట తొలి జారుపాటు. నూరు కట్టలలో ఇట్లు నూరు మిగుళ్లు చేరినచో ఆ వకీలు ఇంటి గోడలు పరుల ఇటుకలతో లేచినట్లే.

ఐదక్కి లక్కమ్మ కథ మన పిల్లలందరును విన్నదే. భర్త మారయ్య బియ్యపుగింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చినప్పుడు ఆ తల్లి సంతోషింపలేదు. ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మన్నది. వకీలింట ఆ 2,700 రూపాయలు లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యము వంటివి. బసవేశ్వరుడు సైతము కల్యాణములో బిజ్జలుని భాండాగారమును చూచినవాడని, లెక్కలకు సిద్ధముగా నుండినవాడని మన పురాణములు చెప్పుచున్నవి. పరుల ధనము చేతిలో నుంచుకొని నిర్మలముగా నుండుట మనకు క్రొత్త పాఠము కాదు.

ధనవిషయమున మరికొన్ని నిషేధములు కలవు. గెలిచినయెడల ఇంత భాగమని ఫలితమునుబట్టి ఫీజు కుదుర్చుకొనరాదు. వ్యాజ్యము నడుపుటకై కక్షిదారునికి అప్పు ఇయ్యరాదు. తాను పనిచేసిన దావాలోని డిక్రీ అమలులో వేలమునకు వచ్చిన ఆస్తిని తాను పాడుకొనరాదు. ఈ మూడింటికిని కారణ మొక్కటే. వకీలు తన కక్షిదారుని వ్యాజ్యములో తానొక భాగస్థుడైన దినమున అతని సలహా నిష్పక్షపాతముగా నుండనేరదు. రాజీపడుట మేలని చెప్పవలసిన చోట పోరాడుమని చెప్పును.

కావున ఫీజును మొదటనే, ఏ దశకు ఎంతయో విడమరచి, ఒక కాగితముపై వ్రాసి ఇచ్చుట మంచిది. ప్రతి రూపాయికి రసీదు ఇచ్చుట అంతకంటె మంచిది. కక్షిదారుల సొమ్మునకు బ్యాంకులో వేరొక ఖాతా ఉంచుకొన్నవానికి రాత్రి నిద్ర పట్టును.

4. పత్రముల లెక్క

పల్లెవాసి తన ఇంట నున్న అతి విలువైన వస్తువును వకీలు చేతిలో పెట్టిపోవును. అది రిజిస్టరు దస్తావేజు కావచ్చును, పట్టాదారు పాసుపుస్తకము కావచ్చును, తండ్రి వ్రాసిన వీలునామా కావచ్చును. దానికి మారుగా అతడు తీసికొనిపోవునది నమ్మకము మాత్రమే.

పత్రము చేతికి వచ్చిన వెంటనే ఒక పుస్తకమున తేది, పత్రము పేరు, అసలో నకలో వ్రాసి, ఇచ్చినవాని సంతకము తీసికొని, అతనికి రసీదు ఇయ్యవలయును. తిరిగి ఇచ్చునప్పుడు మరల సంతకము తీసికొనవలయును. నకలుతో పని జరుగునప్పుడు అసలును ఇంట ఉంచుకొమ్మని చెప్పవలయును. తెల్లకాగితముపై సంతకము ఎన్నడును తీసికొనరాదు. అవసరమని కక్షిదారుడే ఒత్తిడి చేసినను తీసికొనరాదు.

ఫీజు బాకీ యున్నదని కట్టను బిగబట్టుట కొన్నిచోట్ల వాడుకగా నుండినది. ఇది తగదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరమున ఆర్.డి. సక్సేనా కేసులో స్పష్టముగా చెప్పినది. బాకీ యున్నచో దానిని రాబట్టుకొనుటకు వేరు మార్గము కలదు; కాగితములపై వకీలునకు పట్టు లేదు. వైద్యుడు బిల్లు కొరకు రోగి కన్నును తీసి దాచుకొనునా? కక్షిదారునికి ఆ కట్టయే కన్ను.

మాట కూడ పత్రముతో సమానము. కక్షిదారుడు వృత్తిధర్మమును నమ్మి చెప్పిన సంగతులను అతని సమ్మతి లేక వెల్లడింపరాదని మన సాక్ష్యచట్టము చెప్పుచున్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఈ రక్షణ నిలిచియున్నది. కొత్త వకీలు తొలుత ఇంటి వరండాలోనే కార్యాలయము పెట్టుట సహజము. అప్పుడు ఈ నియమము ఇంటివారందరికిని వర్తించునట్లు నడచుకొనవలయును. వరండాలో వినబడిన మాట వంటయింటిలోనికి పోరాదు, వంటయింటినుండి వీధిలోనికి అసలే పోరాదు.

5. కాలపు లెక్క

మూడు లెక్కలలో ఇది కఠినమైనది. ధనము పోయిన తిరిగి సంపాదించి ఇయ్యవచ్చును. పత్రము పోయిన ధ్రువీకరించిన నకలు తేవచ్చును. గడువు పోయినచో తెచ్చి ఇచ్చుట ఎవరికిని శక్యము కాదు.

1963 నాటి కాలపరిమితి చట్టమునుబట్టి అప్పు రాబట్టుకొను దావాకు మూడేండ్లు గడువు. అడిగినప్పుడు చెల్లించెదనని వ్రాసిన ప్రామిసరీ నోటునకు నోటు తేదినుండియే ఈ మూడేండ్లు లెక్కింపబడును. గడువు తీరకముందే బాకీదారు కొంత సొమ్ము కట్టి, ఆ చెల్లు వ్రాసి సంతకము చేసినచో క్రొత్త గడువు ఆరంభమగును. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపిన ముప్పది దినములలో నోటీసు ఇయ్యవలయును. నోటీసు అందిన పిమ్మట పదునైదు దినములు వేచియుండి, ఆపై ఒక నెలలోగా ఫిర్యాదు చేయవలయును. దావా సమను అందినవాడు ముప్పది దినములలో జవాబు దాఖలు చేయవలయును. కోర్టు కారణములు వ్రాసి తొంబది దినముల వరకు పొడిగింపవచ్చును. డిక్రీపై జిల్లా కోర్టునకు అప్పీలు ముప్పది దినములు, హైకోర్టునకు తొంబది దినములు.

అప్పీలులో ఆలస్యమైనచో తగిన కారణము చూపి మన్నింపుమని కోరవచ్చును. దావా విషయమున ఆ వెసులుబాటు లేదు. ఇందలి కష్టమేమో చూడుడు. ఒక కౌలురైతు ఎకరము పొలము కొనుటకు ఒప్పందము వ్రాయించుకొని బయానా ఇచ్చెననుకొందము. రిజిస్ట్రేషనుకు పెట్టుకొన్న తేది దాటిపోయినది. అమ్మినవాడు నేడు రేపని త్రిప్పుచున్నాడు. రైతు ఆ కాగితమును కొత్త వకీలు చేతిలో పెట్టినాడు. వకీలు నోటీసు పంపి, కట్టను బీరువాలో పెట్టి మరచిపోయినాడు. పెట్టుకొన్న తేదినుండి మూడేండ్లు గడచినవి. ఇప్పుడు దేశములోని ఎంత గొప్ప న్యాయవాదియైనను ఆ పొలమును రైతునకు ఇప్పింప నేరడు. ఆ రైతు భార్య మెడలోని బంగారము అమ్మి కట్టిన బయానా, పిల్లలకు పొలము మిగులునను ఆశ, రెండును ఒక బీరువా అరలో నశించినవి.

ఇట్టి రైతునకు వినియోగదారుల న్యాయస్థానమును ఆశ్రయించు వీలు కూడ లేదు. న్యాయవాదుల సేవ వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి రాదని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పు చెప్పినది. బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును, సివిల్ దావా వేయవచ్చును. ఒకసారి వకీలు చేత దెబ్బతిన్నవాడు మరొక వకీలును వెదకుకొని ఆ పని చేయుట ఎంత దుర్ఘటమో ఊహింపవచ్చును. కావున ఈ వృత్తియందు చట్టము విడిచిపెట్టిన భారము అంతరాత్మపై పడుచున్నది.

దీనికి ఉపాయము సులభము. వాయిదాల పుస్తకము వేరు, గడువుల పుస్తకము వేరు. కక్షిదారుడు వచ్చిన మొదటి దినముననే గడువు ఎప్పుడు తీరునో లెక్కించి, కట్ట పై యట్టమీద ఎర్ర సిరాతో వ్రాయవలయును. గడువుల పుస్తకమున అసలు తేదిని, దానికి నెల ముందరి తేదిని కూడ ఎక్కింపవలయును. ఆ పుస్తకమును ప్రతి సోమవారము ఉదయము తిరుగవేయవలయును. నేడు ప్రతి కేసునకు పదునారు అక్షరాంకములు గల ఒక సంఖ్య కలదు. దాని సహాయమున వాయిదా తేదిని సెల్ ఫోనులోనే చూచుకొనవచ్చును. ఇది గొప్ప సదుపాయమే. అయితే ఇంకను దాఖలు కాని దావాకు సంఖ్య యుండదు. దాని గడువును ఏ యంత్రమును కోర్టునుండి తెచ్చి చెప్పదు. కక్షిదారుని మాటనుండి ఆ తేదిని పట్టుకొని వ్రాసికొనవలసినవాడు వకీలే.

6. నామఫలకము, దళారి

వర్తకునికి ప్రకటన అలంకారము; వకీలునకు అది నిషిద్ధము. కరపత్రములు, ప్రకటనలు, దళారులు, ఇంటింటికి పోయి యడుగుట మొదలగు మార్గములలో పని సంపాదింపరాదు. నామఫలకము మితమైన పరిమాణమున నుండవలయును. తాను ఏ సంఘమునకు అధ్యక్షుడో, ఏ సంస్థతో సంబంధము గలవాడో, ఏ విధమైన కేసులలో నిపుణుడో దానిపై వ్రాయరాదు. కావున మన సమాజ సంఘములందలి పదవులను గూడ ఆ పలకపై చెక్కింపరాదు. 2008 సవరణముచే పేరు, చిరునామా, పట్టిక సంఖ్య, విద్యార్హతలు, పనిచేయు శాఖలు మొదలగు కొద్ది వివరములను వెబ్‌సైటునందు ఉంచుటకు మాత్రము అనుమతి లభించినది.

కోర్టు వాకిట, పోలీసు స్టేషను వాకిట నిలిచి కక్షిదారులను పట్టి తెచ్చు దళారి కొత్త వకీలునకు తొలి ప్రలోభము. దళారి తెచ్చిన కేసులో కక్షిదారుడు దళారి మనిషి. ఫీజులో భాగము దళారిది. కొన్నాళ్లకు వకీలు కూడ దళారి మనిషి యగును. అప్పుడు స్వతంత్ర వృత్తి యెక్కడ? 2023 సవరణ చట్టము దళారుల పట్టికలు ప్రకటించు నధికారమును న్యాయస్థానములకు ఇచ్చి, పట్టికకెక్కిన పిమ్మటను దళారితనము సాగించువారికి మూడు నెలల వరకు ఖైదు విధింపవచ్చునని చెప్పినది.

7. కుటుంబము, దాసోహము

వర్తక కుటుంబములు ఎరుగవలసిన నియమ మొకటి కలదు. న్యాయవాది జీతముపై పూర్తికాలపు ఉద్యోగము చేయుచు వృత్తి చేయరాదు. స్వయముగా వ్యాపారము నడుపరాదు. తండ్రి దుకాణము వారసత్వముగా వచ్చినచో అందు భాగము ఉంచుకొనవచ్చును గాని, దాని నిర్వహణమున తాను పాల్గొనరాదు. కావున "పగలు కోర్టు, సాయంకాలము కొట్టు" అను ఏర్పాటు కుదరదు. ఈ సంగతి పేరు నమోదునకు ముందే ఇంట మాటాడుకొనవలయును.

2022 జూన్ 2న తెలంగాణమున అనేక క్రొత్త జిల్లా న్యాయస్థానములు ఆరంభమైనవి. వృత్తి కొరకు రాజధానికే పరుగెత్తవలసిన పని తగ్గినది. తన జిల్లాలో, తన భాష మాటాడు జనుల నడుమ పనిచేయువాడు వారి కష్టము త్వరగా గ్రహించును. అయితే చుట్టరికము వృత్తికి అడ్డు రాకుండ చూచుకొనవలయును. ఒక పక్షమునకు సలహా చెప్పిన వ్యవహారములో రెండవ పక్షము దగ్గరి బంధువైనను వారి తరఫున నిలువరాదు.

సంపాదన యంతయు తనకే యనుకొనువానిది కాయకము కాదు. దానికి దాసోహము తోడు కావలయును. న్యాయవాదికి దాసోహము చేయు మార్గము సిద్ధముగా నున్నది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో నున్నది. దాని క్రింద స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులముల, తెగల వారు, నిర్బంధములో నున్నవారు, ఆదాయము తక్కువ గలవారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. కొత్త వకీలు ఆ సంస్థల జాబితాలో చేరుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అచ్చట ఫీజు స్వల్పము, నేర్పు అపారము. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినచో దానిపై అప్పీలు లేదు. కోర్టు రుసుము తిరిగి వచ్చును. రెండు కుటుంబముల వైరము ఒక్క పూటలో ముగియును. పేదవానికి చేయు సహాయము న్యాయవాది కర్తవ్యములలో అత్యున్నతమైన వానిలో నొకటి యని బార్ కౌన్సిల్ నియమములే చెప్పుచున్నవి.

యువకులారా, యువతులారా! గది చిన్నదైనను కొరత లేదు. బల్ల పాతదైనను తప్పు లేదు. ముందుగా మూడు పుస్తకములు కొనుడు. ఒకటి ధనమునకు, ఒకటి పత్రములకు, ఒకటి గడువులకు. మొదటి కక్షిదారుడు రాకముందే వానికి గీతలు గీసి సిద్ధముగా ఉంచుడు. నామఫలకమును ఆ పిదప కట్టుకొనుడు.

మననమునకు ప్రశ్నలు

1. ఉద్యోగి జవాబుదారీతనమునకును, స్వతంత్ర వృత్తి చేయువాని జవాబుదారీతనమునకును భేదమేమి?
2. ఖర్చులకిచ్చిన సొమ్ములో మిగిలినది ఎవరిది? లక్కమ్మ కథతో పోల్చి చెప్పుడు.
3. ఫలితమునుబట్టి ఫీజు కుదుర్చుకొనుట ఏల నిషిద్ధము?
4. ప్రామిసరీ నోటు గడువు ఎప్పటినుండి లెక్కింపవలయును? మీ ఇంట నున్న నోట్ల తేదులను ఒకమారు చూచుకొంటిరా?
5. ఇంటి వరండాలో కార్యాలయము పెట్టినచో ఇంటివారు పాటింపవలసిన నియమమేమి?